ఆర్డిస్ మర్యాద తప్పిన శనివారం

నెబ్రాస్కా మైదానాల్లో వెల్డన్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఆర్డిస్ మోల్కే ఎక్కడుంటుందని ఎవరినైనా అడిగితే, ముందు ఇది ఏ నెలో చూసుకుని జవాబు చెబుతారు. మే నుంచి సెప్టెంబరు దాకా చెరువు దగ్గర, తక్కిన ఏడు నెలలూ ఇంట్లో. ఆ ఇంటికీ ఆ చెరువుకీ మధ్య దూరం పదకొండు మైళ్ళు. సెలవులకి జనం కొండలకో సముద్రానికో పోతుంటే, ఈమె మొగుణ్ణి వెంటబెట్టుకుని పదకొండు మైళ్ళు ప్రయాణం చేసి, చెరువుగట్టున జనం గుడారాలు వేసుకునే క్యాంపు గేటు పక్కన, కారు వెనక లాక్కెళ్ళే ట్రైలర్ ఇల్లు నిలిపి, ఐదు నెలలు అక్కడే కాపురం పెడుతుంది. మొగుడు మెర్ల్‌ని ఎవరైనా ఆటపట్టిస్తే, ఇంట్లో ఏదైనా మరిచిపోతే తెచ్చుకోవడానికి ఇదే అనువైన దూరమని చెబుతాడు.

క్యాంపు చూసుకోవడం జీతంలేని పని. వచ్చిన వాళ్ళకి చోటు చూపించాలి, మంటపెట్టే గుంతల్లో బూడిద ఎత్తాలి, మరుగుదొడ్లు కడగాలి. ముప్పై ఒక్క ఏళ్ళు బడిలో వంట చేసిన మనిషికి ఇవేమీ లెక్కలోవి కావు. ఊళ్ళో యాభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆమె చేతి దాల్చినచెక్క రొట్టె తిని పెరిగినవాళ్ళే. ఇప్పుడు ఆమె అవే చేతులతో కుక్కలకి బిస్కెట్లు కాలుస్తోంది. ఎందుకంటే ఆ క్యాంపుకి కుక్కలు లేకుండా వచ్చేవాళ్ళు తక్కువ. అరవై రెండు స్థలాలుంటే, వేసవిలో డెబ్భై ఎనభై కుక్కలుంటాయి.

మనుషుల పేర్లు రాసుకునే పుస్తకం క్యాంపుని నడిపే పార్కు కమిటీది. ఆర్డిస్‌కి తనదంటూ వేరే పుస్తకం ఒకటుంది, అది కుక్కలది. పేరు, స్థలం నంబరు, వచ్చిన రోజు, వెళ్ళిన రోజు. చివర కొంచెం జాగా వదిలి, ఉరుముకి భయపడుతుందనో, సాసేజీలు దొంగిలిస్తుందనో రాసుకుంటుంది. మనుషుల్ని ఆమె కుక్కల పేర్లతోనే గుర్తుపెట్టుకుంటుంది. డ్యూక్ వాళ్ళు వచ్చారు, పెప్పర్ వాళ్ళావిడకి మోకాలు ఆపరేషన్ అయిందట అంటుంది. డ్యూక్ వాళ్ళాయన పేరేమిటో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

ఇక ఆ ఊరి వాళ్ళ మాటతీరు గురించి ఒక ముక్క చెప్పాలి, ఎందుకంటే కథంతా దానివల్లే వచ్చింది. అక్కడ ఎవరూ ఎవరికీ ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పరు. అది అమర్యాద. ఒకసారి సుడిగాలికి మెర్ల్ వాళ్ళ పశువుల కొట్టం పైకప్పు లేచిపోయి పక్కవాళ్ళ మొక్కజొన్న చేలో పడింది. ఆ పక్కాయన వచ్చి నిలబడి, చాలాసేపు చూసి, "గాలి కొంచెం తగిలినట్టుంది" అన్నాడు. ఇల్లు తగలబడుతున్నా, కాస్త వెచ్చగా ఉన్నట్టుంది కదూ అనే రకం. పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడటంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. ఆర్డిస్ కూడా ఆ నీళ్ళు తాగి పెరిగిందే.

నిరుడు జూలైలో ఒక బుధవారం కాన్సస్ నుంచి గేలెన్, ట్వైలా అనే దంపతులు వచ్చి నలభై ఒకటో నంబరులో గుడారం వేసుకున్నారు. వాళ్ళ కుక్క పేరు బూన్. ఎర్రటి బొచ్చు, ఏడేళ్ళ వయసు, నీళ్ళు కనబడితే ఒళ్ళు మరిచిపోయే జాతి. ఆ రోజు పొద్దున్నే ఆర్డిస్ ఒడ్డు వెంట వెళ్తూ, చెరువు మూలన నీళ్ళమీద ఎవరో పచ్చరంగు ఒలకబోసినట్టు ఉండటం చూసింది. నాలుగు రోజులుగా మాడ్చే ఎండ, దక్షిణపు గాలి. విషపు నాచు పట్టిందని ఆమెకి అప్పుడే అనుమానం వచ్చింది. కానీ ప్రభుత్వం వాళ్ళు సోమవారం వచ్చి నీళ్ళు పట్టుకెళ్తారు, శుక్రవారం కాగితం పంపుతారు. కాగితం రాకుండా నోరు విప్పడం ఎవరికీ అలవాటు లేదు.

అయినా ఆమె బ్యాటరీ బండి ఆపి, బూన్‌కి బిస్కెట్ పెట్టి, వాళ్ళతో అంది: "నీళ్ళు కాస్త పచ్చగా ఉన్నట్టున్నాయండీ. నేనైతే ఇవాళ్టికి ఒడ్డునే ఉంచుతానేమో. అయినా మీ ఇష్టం లెండి."

గేలెన్ అలాగేనండీ అన్నాడు. తరవాత పది నిమిషాలు వానల గురించి మాట్లాడుకున్నారు. సాయంకాలం ఎండ తగ్గకముందే బూన్ కట్టెపుల్ల వెంట నీళ్ళలోకి దూకింది. గంటన్నర తిరక్కుండా కాళ్ళు వణకడం మొదలైంది. పశువుల డాక్టరు నలభై మైళ్ళ దూరంలో ఉన్నాడు. దారిలోనే, ట్వైలా ఒడిలో, దాని ప్రాణం పోయింది.

మర్నాడు గేలెన్ గుడారం విప్పుకోవడానికి ఒక్కడే వచ్చాడు. ఆర్డిస్ కూడా వంగి మేకులు పీకింది. ఆయనే ఓదార్చాడు, మీరు చెప్పారు, మేమే వినిపించుకోలేదు అన్నాడు. రెండు వారాలకి ట్వైలా దగ్గర్నుంచి కార్డు కూడా వచ్చింది, పూల బొమ్మతో. మీరు చూపించిన దయకి కృతజ్ఞతలు అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. తిట్టి ఉంటే ఆర్డిస్ తట్టుకునేది. ఆ కార్డు చదివి, ట్రైలర్ మెట్లమీద కూర్చుని, ముప్పై ఏళ్ళుగా ఏడవనంత ఏడ్చింది. తరవాత దాన్ని పంచదార డబ్బా ఉండే అలమర తలుపుకి లోపలివైపు అంటించింది, రోజూ కాఫీ కలుపుకునేటప్పుడు కనబడేలా. కుక్కల పుస్తకంలో బూన్ వరసలో వెళ్ళిన రోజు అన్నచోట ఏమీ రాయలేదు.

ఆ చలికాలమంతా ఆమె తనని తాను మార్చుకునే పనిలో పడింది. జిల్లా వ్యవసాయాఫీసుకి వెళ్ళి, నాచు సంగతంతా అడిగి తెలుసుకుంది. ఊరగాయ సీసాలో చెరువు నీళ్ళు ముప్పాతిక వంతు పట్టి, ఒక రాత్రంతా కదపకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. తెల్లారాక పచ్చదనం అడుక్కి దిగితే భయం లేదు. పైకి తేలితే విషపు నాచుకి అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలు కూడా చెయ్యగల పరీక్ష ఇది. ఆమెకి కష్టమైంది రెండోది, చూసింది చూసినట్టు చెప్పడం. దానికి మెర్ల్ మీద సాధన చేసింది.

ఒకరోజు భోజనాల దగ్గర హఠాత్తుగా, "మీ కుక్క నీళ్ళలో దిగితే చచ్చిపోతుంది" అంది.

మెర్ల్ చెంచా కిందపెట్టాడు. "ముందు నన్ను సూపు తాగనిస్తావా?"

"ఎలా ఉంది? గట్టిగానే అన్నానా?"

"నువ్విలా మాట్లాడితే రేపట్నుంచి చర్చిలో మన పక్కన ఎవరూ కూర్చోరు."

"మంచిదే, కాళ్ళు చాపుకోవచ్చు" అంది ఆర్డిస్, రొట్టె తుంచుకుంటూ.

ఈ ఏడు ఊరు పుట్టి నూటపాతికేళ్ళు నిండాయి. జూలైలో మూడో శనివారం ఉత్సవం పెట్టారు. పార్కు కమిటీ పెద్ద రోలాండ్, మెర్ల్‌కి సొంత తమ్ముడు, ధాన్యం గోదాము నడుపుతాడు. చెడ్డవాడేం కాదు, కాకపోతే ఒకసారి అనుకున్నాడంటే ఎద్దులు కట్టి లాగినా కదలడు. కుక్కల దూకుడు పందెం పెట్టాలని అతని ఆలోచన. చెక్క రేవు మీద పరిగెత్తుకొచ్చి ఏ కుక్క ఎక్కువ దూరం నీళ్ళలోకి దూకితే దానికి బహుమతి. ఆ రేవుని వసంతకాలమంతా తన చేతుల్తో తనే కట్టాడు. అదీ సరిగ్గా ఆ చెరువు మూలనే, ఎందుకంటే జనం నిలబడి చూడటానికి గట్టు అక్కడే బాగుంది. నలభై కుక్కలు పేర్లిచ్చాయి. రోలాండ్ నల్లకుక్క టగ్ కూడా అందులో ఉంది.

ఉత్సవానికి రెండు రోజుల ముందు, గురువారం పొద్దున, ఆర్డిస్ ఫ్రిజ్ తెరిచింది. సీసాలో నీళ్ళు కింద తేటగా ఉన్నాయి. పైన వేలెడు మందాన పచ్చటి మీగడ కట్టింది. ఆమె సీసాని తువ్వాల్లో చుట్టుకుని తిన్నగా గోదాము దగ్గరికి వెళ్ళింది. అక్కడ పొద్దున్నే ఊరి మగాళ్ళు కాఫీ బల్ల చుట్టూ చేరి ఉంటారు. సీసా తెచ్చి ఆ బల్ల మధ్యలో పెట్టింది.

రోలాండ్ జేబులోంచి కాగితం తీసి దాని పక్కన పెట్టాడు. ఉత్సవం అని ప్రభుత్వం వాళ్ళు ఒకరోజు ముందే పంపారట. సోమవారం నీళ్ళు క్షేమమేనని అందులో ఉంది.

"సోమవారం నీళ్ళు సోమవారంతో పోయాయి రోలాండ్. మంగళవారం నుంచి గాలి ఇటు తిరిగింది. ఇవి నిన్నటివి" అంది ఆర్డిస్.

"నీ ఊరగాయ సీసా ప్రభుత్వం కన్నా పెద్దదా వదినా?"

"కాదు. కానీ ప్రభుత్వం సోమవారం వచ్చి వెళ్ళిపోయింది. నేను ఇక్కడే ఉన్నాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. చూద్దాంలే వదినా అన్నాడు రోలాండ్. వెల్డన్‌లో చూద్దాంలే అంటే కాదని అర్థం. ఆర్డిస్ సీసా తీసుకుని వచ్చేసి ప్రభుత్వ ఆఫీసుకి ఫోన్ చేసింది. శుక్రవారం మనిషిని పంపి మళ్ళీ నీళ్ళు పట్టిస్తామన్నారు, ఫలితం మాత్రం మంగళవారానికి గానీ రాదన్నారు. పందెం శనివారం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఆమె ఒకసారి చూసింది, రెండోసారి చూడదలుచుకోలేదు.

శుక్రవారం పొద్దున బండి ఎక్కి ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. సీసా ఒడిలో పెట్టుకుంది. ప్రతి గుడారం ముందూ ఆగి, బిస్కెట్ ఇచ్చి, మొహంలోకి చూసి, నీళ్ళలో విషం ఉంది, దిగితే మీ కుక్క చస్తుంది అని చెప్పింది. పొట్టికాళ్ళ కుక్కల ఆయన ఒకడు, అతిథులతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని మొహం ముడుచుకున్నాడు. పెప్పర్ వాళ్ళావిడ గబగబా గుడారం సర్దుకుని వెళ్ళిపోయింది. ఏ అధికారంతో చెబుతున్నారని ఒకాయన నిలదీస్తే, అధికారం లేదండీ, సీసా ఉంది అని చూపించింది. చాలామంది తలూపి, అలాగేనండీ అన్నారు. ఆ తలూపడం చూస్తే ఆమెకి ఒళ్ళు మండింది. నిరుడు గేలెన్ కూడా అచ్చం అలాగే ఊపాడు.

పొద్దుగూకే వేళకి అరవై ఒక్క స్థలాలు పూర్తయ్యాయి. మిగిలింది నలభై ఒకటో నంబరు ఒక్కటే. అక్కడికి రావలసినవాళ్ళింకా రాలేదు. చలికాలం మొదట్లో వాళ్ళు ఫోన్ మీద చోటు అడిగినప్పుడు రాసుకున్నది మెర్ల్. అతని కోడిగెలుకుడు రాతలో జూనీ, ఆడది, శనివారం పొద్దున అని మాత్రమే ఉంది. మనుషుల పేరు ఏమిటని అడిగితే, కుక్కల పుస్తకం కదా, కుక్క పేరే రాశానని మెర్ల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

శనివారం పందెం పది గంటలకి. తొమ్మిదిన్నరకే ఆర్డిస్ మడత కుర్చీ తీసుకెళ్ళి రేవు మొదట్లో, దారికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. పక్కన సీసా పెట్టుకుంది. జనం గట్టుమీద చేరుతున్నారు. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. ఎండ బాగా కాస్తోందండీ అని పలకరించి పక్కకి తప్పుకున్నారు. కాసేపటికి మెర్ల్ కుంటుకుంటూ వచ్చి, తన కుర్చీ ఆమె కుర్చీ పక్కనే వేశాడు.

"మోకాళ్ళు నొప్పి. ఎలాగూ ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా" అన్నాడు.

దాంతో రేవు పూర్తిగా మూసుకుపోయింది. రోలాండ్ మైకు పట్టుకుని వచ్చాడు. మొహంలో నవ్వు అలాగే ఉంచి, కొంచెం పక్కకి జరుగుతావా వదినా అని అడిగాడు.

"జరగను."

ఆ ఊళ్ళో నలుగురిలో ఆ మాట వినబడి ఎన్నేళ్ళయిందో ఎవరికీ తెలియదు. రోలాండ్ వంగి గొంతు తగ్గించాడు. "నా పరువు తీస్తున్నావు వదినా."

"పరువు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు రోలాండ్. టగ్ పోతే మళ్ళీ రాదు."

అతను ఎర్రబడ్డాడు. ఏమనాలో తోచనప్పుడు ఆ ఊరి వాళ్ళు ఏం చేస్తారో అదే చేశాడు, ఏమీ జరగనట్టు పని మొదలుపెట్టాడు. కాగితం చూసి, కాన్సస్ నుంచి వచ్చిన జూనీ అని మొదటి పేరు పిలిచాడు.

జనం మధ్యలోంచి ఒకాయన ఏడాది వయసున్న ఎర్రకుక్కని పట్టుకుని వచ్చాడు. అది నీళ్ళ వాసనకి తాడు తెంచుకునేలా ఉంది. ఆర్డిస్ ముందు టోపీని గుర్తుపట్టింది, తరవాత మనిషిని. గేలెన్. వెనక ట్వైలా. పది నిమిషాల క్రితమే వచ్చారు, గుడారం కూడా వేసుకోలేదు. పందానికి పేరు ఫోన్‌లోనే ఇచ్చారు, నీళ్ళు క్షేమమని కమిటీ చెప్పిన మాట నమ్మారు. క్యాంపులో ఆమె చెప్పకుండా మిగిలిపోయింది వీళ్ళొక్కరికే. మెర్ల్ మొహం చూస్తే అతనికి ముందే తెలుసని అర్థమైంది. తెలిస్తే ఆమెకి చలికాలమంతా నిద్ర ఉండదని దాచాడు.

ఆమె నోటికి పాత మాటలన్నీ వచ్చాయి. వచ్చారా, బాగున్నారా, దారిలో ఎండ ఎక్కువగా ఉందా, నీళ్ళు కొంచెం పచ్చగా ఉన్నట్టున్నాయి. వాటన్నిటినీ మింగేసి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నీళ్ళలో విషం ఉంది. దిగితే సాయంత్రానికి జూనీ చచ్చిపోతుంది. బూన్ చచ్చిపోయినట్టే."

రోలాండ్ చేతిలోని మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట గట్టు పొడుగునా వినబడింది.

గేలెన్ టోపీ తీశాడు. "నిరుడు కూడా మీరు చెప్పారు కదండీ" అన్నాడు మెల్లగా.

"చెప్పలేదు. చెప్పినట్టు చేశాను. నాకు తెలుసు. తెలిసి కూడా మీ ఇష్టం అన్నాను." ఆర్డిస్ ఒక అడుగు ముందుకేసింది. "ఇవాళ మీ ఇష్టం కాదు."

గేలెన్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత వంగి, అంత కుక్కనీ దూడని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తుకుని, వచ్చినదారినే వెనక్కి నడిచాడు.

రోలాండ్ రెండో పేరు పిలిచాడు. ఆ కుక్కగలాయన, మావాడికి పొద్దుట్నుంచి కడుపు బాగాలేదండీ, ముందు వేరేవాళ్ళని కానివ్వండి అన్నాడు. మూడో ఆవిడ, అయ్యో మాకేం తొందరలేదు, పిల్లలున్నవాళ్ళు ముందు వెళ్ళనీ అంది. నాలుగో ఆయన వాళ్ళమ్మాయి వచ్చాక చేయిస్తానన్నాడు. రోలాండ్‌ది తప్పని ఒక్కరూ అనలేదు. ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారంతే. నిరుడు బూన్‌ని చంపిన మర్యాదే ఈసారి ఆ కుక్కలన్నిటినీ ఒడ్డున ఆపింది. పన్నెండో పేరు టగ్. రోలాండ్ దాన్ని చూశాడు. అది నాలిక బయటపెట్టి, తోక ఊపుతూ, చెరువంత ఉత్సాహంతో ఉంది.

"టగ్‌కి... ఇవాళ ఒంట్లో అంత బాగాలేదు" అన్నాడు రోలాండ్ మైకులో.

గట్టుమీద ఎవరో ముందు కిసుక్కుమన్నారు, తరవాత అందరూ నవ్వారు. రోలాండ్ కూడా నవ్వాల్సి వచ్చింది. గోదాము వెనక పశువులకి నీళ్ళుపెట్టే ఇనుప తొట్టి ఉంది, ఊళ్ళో అదే అన్నిటికన్నా పెద్దది. దాన్ని ట్రక్కు మీద తెప్పించాడు. ఫైరింజను వచ్చి కుళాయి నీళ్ళతో నింపింది. మధ్యాహ్నానికల్లా కుక్కలు అందులో దూకుతుంటే ఊరు ఊరంతా తడిసింది. జూనీ మాత్రం దూకలేదు. తొట్టి చుట్టూ పదిసార్లు పరిగెత్తి, ఎవరి చేతిలోదో సాసేజీ లాక్కుపోయింది.

మంగళవారం కాగితం వచ్చింది. విషం హద్దుకి ఎన్నో రెట్లు పైన ఉంది. రోలాండ్ దాన్ని కాఫీ బల్ల దగ్గర గట్టిగా చదివి, మడిచి, ఇంకేమీ అనకుండా వెళ్ళి చెరువు మూలన బోర్డు పాతాడు. అందులో ఏమని రాయాలో మాత్రం వదినకి ఫోన్ చేసి అడిగాడు. కానీ ఆర్డిస్‌కి ఆ కాగితం కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. ఆమెకి రావలసింది ఆదివారమే వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం కాన్సస్ బండి గేటు దగ్గర ఆగింది. ట్వైలా అద్దం దించింది. రెండు రోజులూ ఆమె ఆర్డిస్‌తో ఒక్క మాట మాట్లాడలేదు.

"నేను పంపిన కార్డు ఉందా ఇంకా?"

"ఉంది. పంచదార డబ్బా పక్కన."

"అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు" అంది ట్వైలా, ముందు రోడ్డువైపే చూస్తూ. "మీమీద నాకు ఎంత కోపమంటే, మీ మొహం తలుచుకుని తిట్టుకుంటూ రాశాను. అలా రాసినవి మూడు చింపేసి, నాలుగోది పంపాను."

"ఆ చింపినవి పంపాల్సిందమ్మా" అంది ఆర్డిస్.

ట్వైలా తల తిప్పి చూసింది. నవ్వబోయి ఏడ్చింది. అద్దంలోంచి చెయ్యి చాచి ఆర్డిస్ మణికట్టు గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుని, వదిలింది. గేలెన్ బండి కదిలించాడు.

ఆర్డిస్ ట్రైలర్‌లోకి వెళ్ళి అలమర తలుపు తెరిచి, పూల కార్డుని ఊడదీసి పొయ్యిలో పడేసింది. కుక్కల పుస్తకం తీసింది. నలభై ఒకటో నంబరు, జూనీ వరసలో, వెళ్ళిన రోజు అన్నచోట రాసింది: ఆదివారం, పన్నెండున్నర. చివర వదిలిన జాగాలో ఇంకో ముక్క చేర్చింది: కిటికీలోంచి తల బయటపెట్టుకుని ఇంటికి వెళ్ళింది.